అమెరికా రైల్వేలో చైనా కుర్రాడి రోజు ఎలా గడిచేది? మా నాన్న మాత్రం ముందు మస్టర్ అడిగాడు

"1860ల్లో అమెరికా రైల్వే పనికెళ్ళిన ఒక చైనా కుర్రాడి రోజు ఎలా గడిచేది" అని అడిగారు కదా. నేను చరిత్ర చదివినోణ్ణి కాదు, కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ చేసుకుంటున్నా. కానీ మా నాన్న బిట్రగుంట రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా, అంటే పట్టాల పని చేసే కూలీగా చేరి, ఆ ముఠాకి పెద్ద అయిన మేట్‌గా రిటైరయ్యాడు, ఆయన్ని తీసుకెళ్ళి ఆ కుర్రాళ్ళు తవ్విన సొరంగంలో నడిపించాను, కాబట్టి జవాబు చెప్పడానికి నాకు కొంచెం హక్కుందనే అనుకుంటున్నా.

డానర్ సమ్మిట్ అని కాలిఫోర్నియాలోనే సియెర్రా కొండల మీద ఉంటుంది, దాదాపు 7,000 అడుగుల ఎత్తు. ఈ చైనావాళ్ళని పనిలో పెట్టుకున్న సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీ వాళ్ళ 6వ నంబరు టన్నెల్ అక్కడే, 1,659 అడుగుల పొడవు, మొత్తం గ్రానైట్. 1993లో పట్టాలు పీకేశారు, ఇప్పుడు జనం టార్చ్‌లేసుకుని నడుస్తుంటారు. నాలుగేళ్ళ కిందట అమ్మానాన్న వచ్చినప్పుడు జూలైలో తీసుకెళ్ళా. బయట ఎండ, లోపల అడుగుపెడితే చలి, పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. గోడల మీద కుర్రకారు స్ప్రే పెయింట్లతో బొమ్మలేసి నాశనం చేశారు (ఇది మాత్రం ఇండియా అయినా అమెరికా అయినా ఒకటే, గోడ కనపడితే చెయ్యి ఊరుకోదు).

నాన్న ఆ బొమ్మలేవీ చూళ్ళేదు. రాతి మీద సగం గొట్టంలాగా ఒక గాడి ఉంది, అందులో బొటనవేలు పెట్టి అట్టా పోనిచ్చి పోనిచ్చి, "ఇది మిషన్‌తో కొట్టింది కాదురా, చేత్తో కొట్టింది" అన్నాడు. నిజమే. ఒకడు ఉక్కు ఉలి పట్టుకుని తిప్పుతుంటే ఇద్దరు సమ్మెటలతో కొట్టేవాళ్ళు, బెజ్జం పడ్డాక మందు కూరి పేల్చేవాళ్ళు. ఉలి పట్టుకునేవాడి చేతుల సంగతి ఆలోచించండి. "రోజుకి ఎంత తెగేది?" అన్నాడు. అడుగు, ఆపైన కొంచెం అన్నా. "ఏందీ? రోజంతా కొడితేనా?" అని గోడని ఇంకోసారి తడిమాడు. రెండు చివర్ల నుంచే కాకుండా నడిమధ్యలో పైనుంచి బావిలాగా తవ్వి, కిందకి దిగి అక్కణ్ణుంచి అటూ ఇటూ కూడా కొట్టుకుంటూ పోయారు, అంటే నాలుగు ముఖాల మీద ఒకేసారి పని. 1867లో నైట్రోగ్లిజరిన్ అనే ఇంకా బలమైన పేలుడు మందు అక్కడే తయారుచేసి వాడితే స్పీడు కొంచెం పెరిగింది. అంతకుముందు 1866-67 చలికాలంలో 44 మంచు తుఫాన్లు వచ్చాయి, గుడిసెల నుంచి పనిలోకి మంచు కిందే దారులు తవ్వుకుని పోయేవాళ్ళు, కొన్ని గుడిసెలు మంచుచరియల కింద మనుషులతో సహా పోయాయి.

ఇక్కడ ఒక విసుగు చెప్పుకోనివ్వండి. ఈ టాపిక్ మీద ఏ వీడియో చూసినా చైనావాళ్ళని బుట్టల్లో కూర్చోబెట్టి కొండ అంచుకి వేలాడదీసిన బొమ్మే. ఆ బుట్టల కథకి ఆ కాలం నాటి గట్టి ఆధారం లేదని చరిత్రకారులే అంటుంటే మనవాళ్ళు థంబ్‌నెయిల్ కోసం వదలరు. అసలు విషయం టీలో ఉందండీ, ఎవరూ దాని మీద వీడియో చెయ్యరు. ఒక్కో ముఠాకి సొంత వంటవాడు ఉండేవాడు. బియ్యం, ఎండు చేపలు, ఎండబెట్టిన ఆల్చిప్పల మాంసం, ఎండు పుట్టగొడుగులు, వెదురు మొలకలు, ఇవన్నీ చైనా సరుకుల కొట్ల నుంచి తెప్పించుకునేవాళ్ళు. పనిచోటికి టీ కాచి, ఖాళీ అయిన పేలుడు మందు పీపాలు కడిగి వాటిల్లో పోసి కావడి మీద మోసుకొచ్చేవాళ్ళు. తెల్ల కూలీలు వాగు నీళ్ళు తాగి విరేచనాలతో పడుకుంటే వీళ్ళు కాచిన టీ తాగి మర్నాడు పనిలోకి వచ్చేవాళ్ళు. ఇది చెప్తే నాన్న గట్టిగా తలూపాడు, ఆయన గ్యాంగ్‌లో కూడా వేసవిలో కాలవ నీళ్ళు తాగి సగం మంది పడిపోయిన కథ ఒకటుంది, అది మొదలుపెడితే అమ్మ ఫ్లాస్క్ మూత తీసి "ముందు ఇది తాగండి" అని ఆపింది.

జీతం విషయానికొస్తే, మొదట్లో నెలకి 26 డాలర్లు, తర్వాత 30 పైన, 1867కి 35. తిండి ఖర్చు అందులోంచే. తెల్లవాళ్ళకి తిండీ బసా కంపెనీదే. అందుకే 1867 జూన్‌లో దాదాపు 3,000 మంది పని ఆపేసి 40 డాలర్లు కావాలి, సొరంగంలో 8 గంటలే చేస్తాం అన్నారు. గొడవ లేదు, కేక లేదు, గుడిసెల్లో కూర్చున్నారంతే. చార్లెస్ క్రాకర్ అనే కంపెనీ పెద్దమనిషి తిండి సరుకులు ఆపించేశాడు. వారానికి సమ్మె అయిపోయింది. కడుపు మీద కొట్టడం అంటే ఇదే.

వీళ్ళలో ఎక్కువమందిది గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో తైషాన్, కైపింగ్ లాంటి నాలుగు తాలూకాలు. కొట్లాటలు, కరువు, అప్పు, వీటి మధ్య నుంచి ఓడెక్కిన పిల్లలు. అమెరికాని వాళ్ళు బంగారు కొండ అనేవాళ్ళట. మన అమ్మలు పిల్లల్ని ముద్దు చేసే మాట అది, మొదటిసారి విన్నప్పుడు నాకు అదోలా అయింది.

సరే, సొరంగం మధ్యలో ఆ బావి దగ్గర పైనుంచి కాస్త వెలుతురు పడుతుంటే నాన్న ఆగి, "వీళ్ళ మస్టర్ ఏదిరా?" అన్నాడు. మస్టర్ అంటే హాజరు పుస్తకం, రైల్వే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. లేదన్నా. కంపెనీ పుస్తకాల్లో ఎక్కువగా మేస్త్రీ పేరే ఉంటుంది, కూలీల పేర్లుండవు, డబ్బు మేస్త్రీ చేతికిచ్చేవాళ్ళు, అతను తిండి ఖర్చు పట్టుకుని మిగతాది పంచేవాడు. "అయితే మేస్త్రీ తినేసుంటాడు" అని నాన్న తీర్పు ఇచ్చేశాడు, ఆధారం అడక్కండి, మేట్‌గా ముప్పై మందిని చూసుకున్న మనిషి అనుభవం అది. నేను ఊరుకోక ఇంకొకటి చెప్పా, 1869 ఏప్రిల్ 28న ఒక్క రోజులో 10 మైళ్ళ పట్టాలు వేశారు, ఆ రోజు పట్టాలు మోసిన 8 మంది ఐరిష్ వాళ్ళ పేర్లు రాసుకున్నారు, పక్కన పనిచేసిన చైనావాళ్ళవి రాసుకోలేదు అని. నాన్న ఏమీ అనలేదు కానీ బయటికొచ్చేదాకా మాట్లాడలేదు కూడా.

అందుకే మీ ప్రశ్నకి నా నిజమైన జవాబు ఏంటంటే, ఆ కుర్రాడు ఏమనుకున్నాడో, ఎవరి మీద బెంగపెట్టుకున్నాడో చెప్తాం అనేవాళ్ళని నమ్మకండి. అంత వేలమంది పనిచేస్తే ఆ రైల్వే కూలీ రాసిన ఒక్క ఉత్తరం ఇప్పటిదాకా దొరకలేదు, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2012 నుంచి ఏళ్ళ తరబడి వెతికించినా. ఆ యూనివర్సిటీ పెట్టిందే ఈ కంపెనీ ప్రెసిడెంట్ లీలాండ్ స్టాన్‌ఫర్డ్, అదొక తమాషా. ఎంతమంది చనిపోయారో కూడా కంపెనీ లెక్క రాయలేదు. 1870లో ఒక పేపర్లో మాత్రం దాదాపు 20,000 పౌండ్ల ఎముకలు చైనా పంపడానికి రైల్లో వెళ్తున్నాయని వచ్చింది. సొంతూళ్ళో పాతిపెట్టాలని వాళ్ళ ఆనవాయితీ. మిగిలినవాళ్ళు వేరే రైల్వేలకి, పొలాలకి, లాండ్రీలకి పోయారు, 1882లో చైనా కూలీలు ఇక రాకూడదని చట్టమే చేశారు, అది 1943 దాకా ఉంది.

ఆ రాత్రి నాన్న బిట్రగుంటలో తనతో కీమేన్‌గా, అంటే రోజూ పట్టాల వెంట నడిచి చూసుకునే పని చేసిన ఫ్రెండ్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి మొత్తం చెప్పాడు, రోజుకి అడుగే తెగేదంట అని. అవతలాయన నవ్వి, "రోజుకి అడుగా? మేట్ నిద్రపోతన్నాడా ఏంది?" అన్నాడు. నాన్న ఫోన్ పెట్టేసి, "వాడికేం తెలుసులే, ఆ రాయి చూడలా వాడు" అని గొణుక్కుంటూ పడుకున్నాడు.