కాంటెస్సా ఏసీ: కంప్రెసర్ ఇప్పుడే మార్చకండి

అన్నా, మీ పాత కాంటెస్సా కారు ఏసీకి గ్యాస్ పట్టించిన కొద్దిరోజులు చల్లగా ఉండి మళ్లీ వేడిగాలి వస్తోందంటే అది ముందు లీకు. మార్చాలని మెకానిక్ అన్నాడని వెంటనే కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు) కొనొద్దు. నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లన్నీ సబ్బు నురగతో చూపించండి. కంప్రెసర్ క్లచ్ వెనక నూనె జిడ్డు కనిపిస్తే షాఫ్ట్ సీల్ (కంప్రెసర్ ఇరుసు చుట్టూ గ్యాస్ బయటికి పోకుండా ఆపేది) మీద అనుమానపడాలి. ఏళ్లతరబడి ఏసీ వేయని బండ్లకు ఇది మామూలే. ఆ సీల్ దొరికితే అదొక్కటే మార్చుకోవచ్చు.

అసలు తలనొప్పి గ్యాస్‌తోనే. మీ బండి ఆర్-12 అనే పాత ఏసీ గ్యాస్ కాలంది. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2010 నాటికి మన దేశంలో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు పట్టేది ఆర్-134ఏ. కంప్రెసర్‌లోని పాత మినరల్ ఆయిల్ దీంతో కలవదు, కంప్రెసర్‌కు తిరిగి చేరదు. నిజంగా కంప్రెసర్ పోయేది అప్పుడు! అందుకే పాతది పూర్తిగా వంపించి ఎస్టర్ ఆయిల్ పోయించండి. ఓ-రింగులు (జాయింట్లలోని రబ్బరు రింగులు), డ్రయ్యర్ (తేమ పీల్చే డబ్బా) కొత్తవే వేయాలి. కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టించి (పంపుతో లోపలి గాలి, తేమ లాగించి), పంపు ఆపాక గేజ్ ముల్లు కదలకుండా నిలబడిందో లేదో దగ్గరుండి చూడండి. కొత్త గ్యాస్ ఆర్-12 పట్టే కొలతలో 80-85 శాతం చాలు, అదీ తూకం వేసి.

134ఏకి హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికొచ్చే వైపు) ప్రెషర్ ఎక్కువ. కడప ఎండల్లో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర సిగ్నల్‌కు ఆగితే ఇంకా పెరుగుతుంది. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ముందు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించండి.

వంటగ్యాస్ ఎక్కించమని ఎవరో చెప్పారన్నారు. వద్దే వద్దు. ఎవాపరేటర్ (క్యాబిన్‌లోకి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) లీకైతే అది నేరుగా మీరు కూర్చున్నచోటికే వస్తుంది.