“తీసుకునేట్టయితేనే విప్పుతాం” అన్న షాపులో మా అమ్మ

“బట్టల షాపులో సేల్స్‌మన్ చులకనగా మాట్లాడితే గొడవ పెట్టుకోవాలా, నోరు మూసుకుని వచ్చెయ్యాలా?” అని ఒకరు అడిగారు. నేను రెండూ చేసి చూశాను, ఏ ఒక్కదానివల్లా ఒరిగిందేమీ లేదు. మూడో దారి ఒకటుంది. అది మా అమ్మ దగ్గర చూశాను.

మూడేళ్ల కిందటి మాట. చెల్లికి పెళ్లయ్యాక వచ్చిన మొదటి శ్రావణం. వరలక్ష్మీ వ్రతానికి పట్టుచీర పెట్టాలని అమ్మా నేనూ పొద్దున్నే తెనాలిలో రైలెక్కి విజయవాడ వెళ్లాం. షాపు పేరు చెప్పను గానీ మూడంతస్తుల పెద్ద షాపు. అమ్మ కట్టుకున్నది రోజూ కట్టే మంగళగిరి నూలు చీర, కాళ్లకి హవాయి చెప్పులు, చేతిలో గుడ్డ సంచి. గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను ఆ సంచిని లాక్కున్నట్టు తీసుకుని టోకెన్ చేతిలో పెట్టాడు. మా వెనకే వచ్చినావిడ భుజానికి పెద్ద తోలు బ్యాగు ఉంది. దాని జోలికి వెళ్లలేదు.

పట్టుచీరలు రెండో అంతస్తులో. పరుపు అవతల నిలబడ్డ కుర్రాడికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మేం చెప్పులు విడుస్తున్నప్పుడే ఓసారి వాటివంక చూసి, “ఎంతలో చూస్తారు?” అన్నాడు. ఏ చీర కావాలని అడగలేదు. “ఎనిమిది వేల లోపు ధర్మవరం చూపించు బాబూ” అంది అమ్మ. మడత విప్పకుండా రెండు చీరలు తెచ్చి పరుపు మీద పడేసి పక్కకి తిరిగాడు. పక్కన కూర్చున్న కుటుంబం ముందు అప్పటికే పదిహేను చీరలు పరిచి ఉన్నాయి. వాళ్లకి కూల్‌డ్రింకులు కూడా వచ్చాయి.

అమ్మ కొంగు చూపించమంది.

“తీసుకునేట్టయితేనే విప్పుతామమ్మా. మడత పోతే మళ్లీ మేమే పెట్టుకోవాలి.”

పోనీలే అని, వెనక అరలో ఉన్న వంగపండు రంగు చీర చూపించి అదెంత అని అడిగింది. “అది మీ రేంజి కాదమ్మా. మీకు కింద ఫ్లోర్లో ఉంటాయి” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. “మావి డబ్బులు కావా? మనుషుల్లా కనబడట్లేదా?” అని గట్టిగా అరిచాను. ఆ ఫ్లోరంతా మావైపు తిరిగింది. దాంతో అతను ఇంకా బిగుసుకుపోయాడు. “నేనేమన్నాను మేడం, ఉన్నమాటేగా చెప్పింది” అని ఎదురు తిరిగాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అమ్మ పుట్టిల్లు మంగళగిరి. తాతయ్య గుంట మగ్గం మీద నేసేవాడు. ఊహ తెలిసినప్పటినుంచీ నూలు కండెలు చుట్టిన చేతులు ఆమెవి. పరుపు మీదున్న రెండింట్లో ఆకుపచ్చ చీర తీసుకుని తనే విప్పింది. కొంగు ఒళ్లో పరుచుకుని, తిరగేసి, వెనక జరీ పోగుల్ని వేలితో తడిమింది. అంచు ట్యూబ్‌లైటు వెలుతురుకి పట్టి చూసింది. తర్వాత రెండు కొసలు నా చేతికిచ్చి లాగి పట్టుకోమంది. పాత గీత మీదే గీత పడేలా అరచేత్తో ఒత్తుకుంటూ మడత మీద మడత వేసి, అట్టముక్క లోపల పెట్టి, ధర చీటీ పైకి కనబడేలా పరుపు మీద పెట్టింది. రెండు నిమిషాలు పట్టిందేమో.

“మడత పోలేదు బాబూ, చూసుకో. మీ పైన చూసేవాళ్లెవరో ఒకసారి పిలువు” అంది.

ఫ్లోర్ మేనేజర్ వచ్చాడు. అమ్మ గొంతు పెంచలేదు. “చీర విప్పి చూపించమంటే కొంటేనే విప్పుతామన్నారు. ధర అడిగితే కిందకి పొమ్మన్నారు. విప్పొద్దని మీరు చెప్పారా, ఈ అబ్బాయే అన్నాడా?” అని అడిగింది. ఆయన అమ్మకి జవాబు చెప్పకుండా కుర్రాడి మీద పడ్డాడు. “నీకెన్నిసార్లు చెప్పాలిరా, ఈ నెల జీతంలో కోస్తే గానీ నీకు బుద్ధి రాదు” అని అందరిముందూ తిట్టడం మొదలుపెట్టాడు. అమ్మ మధ్యలోనే ఆపింది. “అతన్ని తిట్టడానికి మిమ్మల్ని పిలవలేదు. నేనడిగిన దానికి చెప్పండి.”

ఆయన కాసేపు అటూ ఇటూ చూశాడు. “సీజన్ కదమ్మా. రద్దీలో కొనేవాళ్లకే విప్పమని మేమే చెప్పాం. షాపు మూశాక మడతలు పెట్టుకునేసరికి పిల్లలకి రాత్రి పదకొండవుతోంది” అన్నాడు.

ఆ మాట ఆయన నోటితో రాకపోయుంటే, పొగరుబోతు కుర్రాడు అని తిట్టుకుంటూ ఇంటికొచ్చేసేదాన్ని. కొనేవాళ్లెవరో, కొననివాళ్లెవరో చూడగానే తేల్చుకోమని షాపే చెప్పింది. ఇరవై రెండేళ్ల పిల్లాడు దేన్ని చూసి తేల్చుకుంటాడు? చెప్పులు చూస్తాడు, సంచి చూస్తాడు. అందుకే చెప్తున్నాను, షాపులో మీకు తగిలే మర్యాదలేనితనంలో ముప్పాతిక భాగం పైనుంచి దిగొచ్చేదే. కౌంటర్ దగ్గర అరిస్తే అది ఆ పిల్లాడి జీతానికి తగులుతుంది తప్ప, అలా చెయ్యమన్నవాళ్ల దాకా వెళ్లదు.

మా పిన్ని కూతురు గుంటూరులో ఇలాంటి షాపులోనే రెండేళ్లు చేసింది. పొద్దున పదినుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. కస్టమర్లు లేనప్పుడు అరకి ఆనుకున్నా సీసీ కెమెరాలో చూసి ఫోన్ చేసేవారట. బాత్రూం మేడ మీద, మాటిమాటికీ వెళ్తే ఊరుకోరని మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తాగేది కాదు. ఇంటికొచ్చి బకెట్లో వేడినీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకుని కూర్చునేది. అలా ఉన్న మనిషి ముఖంలో సాయంత్రం ఏడింటికి నవ్వు ఎక్కణ్ణించి వస్తుంది? కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక, 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి, షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడూ అదే పని చేసింది. మన దగ్గర ఏ బట్టల షాపుకైనా వెళ్లి చూడండి, సేల్స్ పిల్లల వెనక ఒక్క స్టూలు కనబడుతుందేమో.

సేల్స్ పిల్లలతో గొడవ పడుతూ ఫోన్లో వీడియో తీసి పెడతారు చూడండి, అవంటే నాకు అసహ్యం. నెలకి పదీ పన్నెండు వేలు తెచ్చుకునే అమ్మాయి ముఖం ఊరంతా తిరుగుతుంది, షాపు ఓనరు ముఖం మాత్రం ఎవరికీ తెలియదు.

మాట తూలినందుకు చట్టం ప్రకారం పట్టుకోవడం కష్టం గానీ, ఆ చులకనతో పాటు వచ్చే మిగతావి ఉన్నాయి, వాటిని వదలకండి. బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు చెప్పకపోతే సిస్టమ్ తీసుకోదంటారు. నంబరు కోసం పట్టుబట్టొద్దని 2023 మే నెలలోనే కేంద్ర వినియోగదారుల శాఖ షాపులకి చెప్పింది. నేను ఇవ్వనంటే ఇవ్వను, ఇప్పటిదాకా ఏ బిల్లూ ఆగలేదు. “ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అనే బోర్డు చూసి భయపడి వచ్చేస్తారు చాలామంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న సరుకుని బిల్లు మీద రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి కిందికొస్తుంది. కొన్న నాలుగో రోజే మా మిక్సీ జారు పగులు కనబడితే, షాపతను “మీరే పడేసుంటారు” అన్నాడు. అక్కడే నిలబడి 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండు వారాల్లో కొత్త జారు వచ్చింది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు సరుకైతే ఫీజు కూడా లేదు.

చులకనగా మాట్లాడితే మాత్రం అమ్మ చేసినట్టే చెయ్యండి. పై మనిషిని పిలవండి. జరిగింది రెండు ముక్కల్లో చెప్పండి. “ఇలా చెయ్యమని మీరు చెప్పారా?” అని అడగండి. జవాబొచ్చేదాకా కదలకండి. “నేనెవరో తెలుసా” అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకండి. అది అన్నారంటే ఇక అక్కడ ఎవరూ మీ మాట వినరు.

ఆ రోజు అక్కడ ఏమీ కొనలేదు. తిరుగుదారిలో మంగళగిరి వెళ్లి, మావయ్య వాళ్ల వీధిలో ఆరువేల రెండొందలకి మంగళగిరి పట్టుచీర తీసుకున్నాం. చెల్లి ఇప్పటికీ ప్రతి వ్రతానికీ అదే కడుతుంది.

మొన్న శ్రావణంలో ఆడపడుచు కోసం మళ్లీ అదే షాపుకి వెళ్లాల్సి వచ్చింది. అమ్మ అవే హవాయి చెప్పులతో వచ్చింది. ఈసారి ఒకమ్మాయి అడక్కుండానే ఆరు చీరలు విప్పి, కొంగులు పరిచి చూపించింది. మేం కొన్నది ఒకటే. అమ్మ మిగతా అయిదూ ఆ పిల్లతో కలిసి మడతపెట్టింది. స్టూలు మాత్రం ఇంకా వెయ్యలేదు. బిల్లు కట్టేటప్పుడు మేనేజర్‌కి ఆ మాట కూడా చెప్పి వచ్చాం.