వీలాన్ గడప దాటని అభ్యర్థన

ప్రశ్న: ఈసీఈలో బీటెక్ పూర్తిచేసి, అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు సీసీఎన్ఏ చేశాను. ఇటీవల ఒక ఇంటర్వ్యూలో, ‘డీహెచ్‌సీపీ సర్వర్ వీలాన్ 10లో ఉంది, వీలాన్ 20లోని కంప్యూటర్లకు ఐపీ అడ్రస్ రావడం లేదు, కారణమేమిటి?’ అని అడిగారు. కమాండ్లన్నీ కంఠతా వచ్చినా జవాబు చెప్పలేకపోయాను. నెట్‌వర్కింగ్ వదిలి టెస్టింగ్ వైపు వెళ్లమంటారా?

సమాధానం: ఒక్క ప్రశ్నకు తడబడినందుకు రంగం మారనక్కర్లేదు. కాకపోతే మిమ్మల్ని అడిగింది కమాండు కాదు, ప్యాకెట్ ప్రయాణం. డీహెచ్‌సీపీ అంటే కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు పంచే సేవ; వీలాన్ అంటే స్విచ్‌లో విడదీసి పెట్టిన వేరు నెట్‌వర్క్. అడ్రస్ లేని కంప్యూటర్ తన తొలి అభ్యర్థనను 0.0.0.0 నుంచి 255.255.255.255కు బ్రాడ్‌కాస్ట్‌గా, అంటే తన నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి పంపుతుంది. బ్రాడ్‌కాస్ట్ వీలాన్ సరిహద్దు దాటదు కాబట్టి అది సర్వర్‌కు చేరదు. విండోస్ కంప్యూటరైతే కాసేపటికి 169.254తో మొదలయ్యే అడ్రస్‌ను తనకు తానే ఇచ్చుకుంటుంది. వీలాన్‌ల మధ్య ప్యాకెట్లను దాటించగల సిస్కో లేయర్ 3 స్విచ్‌లో దీనికి మార్గం, సర్వర్ అడ్రస్‌ను చెప్పే ‘ఐపీ హెల్పర్-అడ్రస్’ కమాండు. దానిని సర్వర్ ఉన్న వీలాన్ 10 ఇంటర్‌ఫేస్ మీద కాక, అడిగేవారున్న వీలాన్ 20 ఇంటర్‌ఫేస్ మీద ఇవ్వాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. స్విచ్ ఆ అభ్యర్థనలో తన వీలాన్ 20 అడ్రస్‌ను చేర్చి నేరుగా సర్వర్‌కు పంపుతుంది. ఏ పూల్ (అడ్రస్‌ల నిల్వ) నుంచి అడ్రస్ ఇవ్వాలో సర్వర్‌కు తెలిసేది దాని ద్వారానే. ఇంతా చేసి స్విచ్‌లో వీలాన్‌ల మధ్య దారి తెరిచే ‘ఐపీ రూటింగ్’ ఇవ్వడం మరిచినా, సర్వర్‌లో డీఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకు దారి అయిన అడ్రస్) తప్పుగా ఉన్నా సమస్య తీరదు.

తర్వాతి ప్రశ్న సాధారణంగా భద్రత గురించి వస్తుంది. హెల్పర్ అడ్రస్ డీహెచ్‌సీపీతో ఆగక, డీఎన్ఎస్, టీఎఫ్‌టీపీ, టైమ్, టకాక్స్, నెట్‌బయాస్ అనే ఇతర సేవల బ్రాడ్‌కాస్ట్‌లను కూడా డీఫాల్ట్‌గా దాటిస్తుంది. అక్కర్లేనివాటిని ‘నో ఐపీ ఫార్వర్డ్-ప్రోటోకాల్ యూడీపీ’ తర్వాత ఆ పోర్టు పేరు ఇచ్చి ఆపుకోవచ్చు. ‘డైరెక్టెడ్ బ్రాడ్‌కాస్ట్’ వేరే సంగతి: ఒక సబ్‌నెట్‌లోని యంత్రాలన్నిటికీ బయటి నుంచి ప్యాకెట్ చేర్చే ఆ సౌకర్యాన్ని స్మర్ఫ్ దాడులకు (బాధితుడి అడ్రస్‌తో ప్యాకెట్ పంపి, యంత్రాలన్నిటి జవాబులనూ అతడి మీద కుమ్మరించడానికి) వాడుకోవడంతో, అది డీఫాల్ట్‌గా మూసే ఉండాలని 1999లో ఆర్ఎఫ్‌సీ 2644 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్దేశించింది. వేక్-ఆన్-ల్యాన్ (నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్‌ను ఆన్ చేయడం) వంటి అవసరాలకు మాత్రం నేటికీ పరిమితంగా తెరుస్తారు.

సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచితంగా దొరికే, నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లోనే కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్‌లో 3560 స్విచ్ పెట్టి ఇదే అమరికను కట్టండి. పనిచేయగానే మూసేయడం మన విద్యార్థుల అలవాటు. మీరు అక్కడి నుంచే మొదలుపెట్టి, హెల్పర్‌ను, రూటింగ్‌ను, పూల్‌ను, గేట్‌వేను ఒక్కొక్కటిగా చెడగొట్టి, ప్రతిసారీ ప్యాకెట్ ఎక్కడ ఆగిందో సిమ్యులేషన్ మోడ్‌లో చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ నోట్సు మీ చేతిలోకి వచ్చాకే టెస్టింగ్ సంగతి ఆలోచించండి.

మరొక మాట. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే కోర్సు సర్టిఫికెట్, సిస్కో నిర్వహించే సీసీఎన్ఏ (200-301) పరీక్ష ఒకటి కావు. ఆ పరీక్ష రాయకపోతే రెజ్యూమెలో ‘సీసీఎన్ఏ శిక్షణ పొందాను’ అని మాత్రమే రాయండి.