కొబ్బరి ఆకుల అడుగున తెల్లదోమ: ఏ మందు కొట్టించాలి?

విశాఖ మధురవాడలో మీ ఇంటి కొబ్బరి చెట్టుకి ఆకుల అడుగున తెల్లటి పిండి పట్టిందని, కింద పెట్టిన కారు మీద జిగురూ నల్లటి మసీ పడుతున్నాయని, పక్కింటివాళ్లు వేరు ద్వారా మందు ఎక్కిద్దామంటున్నారని రాశారు. ఏ మందు మంచిదని, లేకపోతే చెట్టే కొట్టించేయాలా అని అడిగారు. పురుగుమందు వద్దండి, చెట్టునీ కొట్టించొద్దు. గోపాలపట్నంలో మా పెరటి చెట్లకి ఇదే వచ్చి, మందు లేకుండానే తగ్గింది. ఎలా తగ్గిందో దగ్గరుండి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు చెప్పిన లక్షణాలన్నీ సర్పిలాకార తెల్లదోమవి. ఇది ఆకు అడుగున చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టి, వాటి మీద మైనం లాంటి తెల్లటి పొడి కప్పుతుంది. పిల్లపురుగులు అక్కడే అతుక్కుని రసం పీలుస్తాయి. అవి వదిలే తియ్యటి జిగురే మీ కారు మీద పడుతోంది. ఆ తీపి మీద నల్లటి బూజు పెరుగుతుంది, మసి తెగులు అంటారు చూడండి, అదే. బూజు ఆకులోపలికి వెళ్లదు, పైన పొరలా పరుచుకుని ఆకుకి ఎండ తగలనివ్వదు, అంతే. చెట్టంతా మాడిపోయినట్టు కనిపిస్తుంది గనక ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ దీనివల్ల ఎదిగిన చెట్టు చచ్చిపోదు.

ఇది మన దేశపు పురుగు కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో కొబ్బరి మీద దొరికితే 2004లో శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టారు. 2009లో ఫ్లోరిడాలో కనబడింది. మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి తోటల్లో బయటపడింది. తర్వాత గోదావరి జిల్లాలకీ, మన వైపుకీ వచ్చేసింది. ఎక్కువగా నర్సరీ మొక్కలతో పాటే ఊళ్లు మారుతుంది. కొత్త మొక్క కొనేటప్పుడు ఆకు తిప్పి చూసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ తెల్లదోమకి ఒక శత్రువు ఉంది. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే కందిరీగ జాతి పురుగు. పొడవు మిల్లీమీటరుకి అటూ ఇటూ, మనల్ని కుట్టదు. తెల్లదోమ పిల్లపురుగు ఒంట్లో ఇది గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాన్ని లోపల్నుంచే తినేసి పెరిగి, పైన గుండ్రటి కన్నం చేసుకుని బయటికి వస్తుంది. దీన్ని కొత్తగా తేవలసిన పని కూడా లేకపోయింది. 1990లలో ఇంకో రకం సర్పిలాకార తెల్లదోమ కేరళకి వచ్చింది, దాని వెనకే ఈ కందిరీగ కూడా మన దేశంలో చేరింది. 2016లో కొత్త తెల్లదోమ దిగేసరికి ఇది సిద్ధంగా ఉంది. కేరళలోని కాయంకుళంలో కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు చూస్తే, మందులు కొట్టని తోటల్లో సగానికి పైగా పిల్లపురుగులు ఈ కందిరీగ వాత పడ్డాయి. అందుకే వాళ్లు రైతులకి పురుగుమందులు మానేయమని చెప్పారు.

మందు కొడితే ఏమవుతుందో ఆలోచించండి. తెల్లదోమ పిల్లలు మైనం కింద, ఆకు అడుగున, అందనంత ఎత్తులో ఉంటాయి. కందిరీగ మాత్రం ఏ కప్పూ లేకుండా ఆకు మీద తిరుగుతుంటుంది, ముందు పోయేది అదే. తర్వాత మిగిలిన తెల్లదోమకి అడ్డు ఉండదు, మళ్లీ రెట్టింపుగా వస్తుంది. మా వీధి చివర ఒకరింట్లో స్ప్రే చేయించారు. కొన్నాళ్లు బాగానే ఉంది, తర్వాత మా చెట్ల కన్నా వాళ్ల చెట్టే ఎక్కువ నల్లబడింది.

వేరు ద్వారా ఎక్కించే మందు అయితే నాకు ఇంకా భయం. అది ఆకుకే కాదు, కాయకీ వెళ్తుంది. ఎక్కించాక నెలన్నర దాకా కాయలు కోయొద్దని చెప్పేది అందుకే. ఇంట్లో పిల్లలు బోండాం తాగే చెట్టుకి ఆ పని చేయకండి.

కందిరీగ మీ చెట్టు మీద ఉందో లేదో మీరే తేల్చుకోవచ్చు. కింది మట్టలోంచి ఒక ఆకు కోసి, తెల్లపొడిని దూదితో మెల్లగా తుడిచి, భూతద్దంతో చూడండి. మామూలు పిల్లపురుగులు లేతగా ఉంటాయి. కందిరీగ పడ్డవి నల్లబడతాయి. ఖాళీ డొల్లకి గుండ్రటి కన్నం ఉంటే కందిరీగ వెళ్లిపోయినట్టు, ఇంగ్లిషు టీ అక్షరంలా చీలి ఉంటే తెల్లదోమ బయటపడినట్టు. నేను అలాంటి ఆకు ముక్కల్ని గాజు సీసాలో వేసి మూతికి పల్చటి గుడ్డ కట్టాను. కొద్దిరోజుల్లో సీసా గోడ మీద నలుసుల్లా పురుగులు పాకుతుంటే మా నాన్నగారు కళ్లజోడు సవరించుకుని మరీ చూశారు. ఆ సంతోషం చెప్పలేను. పక్కింటి మాస్టారి చెట్టుకి అవి కనబడలేదు, అందుకని మా ఆకు ముక్కలు కొన్ని వాళ్ల కింది మట్టలకి పిన్నులతో గుచ్చాం. శాస్త్రవేత్తలు తోటల్లో చెప్పే పద్ధతి కూడా ఇదే. అందుకే మసి పట్టిన మట్టలన్నీ నరికి తగలబెట్టకండి, వాటిలోనే కందిరీగలు ఉంటాయి.

కష్టమల్లా ఆగడమే. తెల్లదోమ పెరిగాకే కందిరీగ పెరుగుతుంది, మధ్యలో కొన్ని నెలలు చెట్టు చూడలేనట్టు ఉంటుంది. మన దగ్గర వానలు, గాలులు మొదలైతే తెల్లదోమ కొంత రాలిపోతుంది, మసి కూడా కడుక్కుపోతుంది. పొడి రోజుల్లోనే ఎక్కువ గోల.

ఈలోగా చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. మేడ మీంచి అందే మట్టలకి పైపుతో నీళ్లు ఆకు అడుగున గట్టిగా తగిలేలా కొట్టండి. మసికి లీటరు నీళ్లకి 10 గ్రాముల పిండితో పల్చటి గంజి కాచి, చల్లార్చి చల్లండి, ఎండాక పొరలా రాలిపోతుంది. పసుపు అట్టకి ఆముదం రాసి చెట్టుకి కడితే పెద్ద పురుగులు అంటుకుంటాయి. చిన్న మొక్కలకి మరీ ఎక్కువైతే లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి చల్లొచ్చు.

అప్పటికీ తగ్గకపోతే ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంద్రం ఉంది. తెల్లదోమకి జబ్బు చేయించి చంపుతుంది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దీని రకాన్ని తయారుచేసింది, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం కూడా ఈ తెల్లదోమ మీద పనిచేస్తోంది. లీటరుకి 5 గ్రాములు, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. దీనికి గాలిలో తేమ కావాలి, మన సముద్రపు గాలి ఆ విషయంలో కలిసొస్తుంది. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, పాతదైతే పనిచేయదు. శిలీంద్రాల్ని చంపే తెగుళ్ల మందులతో కలపకండి.

మీ పెరట్లో జామ, అరటి, సపోటా ఉంటే వాటి ఆకుల అడుగున కూడా చూడండి, ఈ పురుగు వాటి మీదా బతుకుతుంది. కారు మాత్రం కొన్నాళ్లు వేరేచోట పెట్టుకోండి.