గాల్ బ్లాడర్ ఆపరేషన్ తర్వాత నర్సులు పట్టించుకోలేదు, ఆస్పత్రిపై కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. నేను ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. రెండు నెలల కిందట అమ్మకు ఇక్కడి ప్రైవేటు ఆస్పత్రిలో కీహోల్ ఆపరేషన్ చేసి గాల్ బ్లాడర్ తీసేశారు. ఆ రాత్రి కడుపులో నొప్పి, కుడి భుజం పీకుతోందని అమ్మ ఏడ్చింది. డ్రెయిన్ (పొట్టలో చేరిన ద్రవాన్ని బయటికి తీసే గొట్టం) బ్యాగులోకి పచ్చటి నీళ్లు దిగుతుంటే సిస్టర్‌కు రెండుసార్లు చెప్పాను. ‘గ్యాస్ నొప్పి, మామూలే’ అని ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లిపోయింది. డ్యూటీ డాక్టర్ రాలేదు. మర్నాడు డ్రెయిన్ తీసేసి డిశ్చార్జ్ చేశారు. ఇంటికొచ్చిన మూడో రోజుకు జ్వరం, కళ్లు పచ్చబడ్డాయి. ఇంకో ఆస్పత్రిలో పైత్యరసం లీకవుతోందని చెప్పి, నోట్లోంచి గొట్టం పంపి పైత్యనాళంలో స్టెంట్ వేశారు. మొదటి ఆపరేషన్ ఇన్సూరెన్స్‌లో అయిపోయింది. రెండోదానికి రూ.2.80 లక్షలు చేతినుంచి పడింది. పాత ఆస్పత్రిలో అడిగితే ‘ఇలా జరగొచ్చని మీరే సంతకం పెట్టారు కదా’ అంటున్నారు. కేసు నిలుస్తుందా? సిస్టర్ మీద వేయాలా, డాక్టర్ మీదా?

జవాబు: నిలిచే అవకాశం బాగానే ఉంది. అయితే మీ బలం ఆపరేషన్ థియేటర్‌లో లేదు, వార్డులో గడిచిన ఆ రాత్రిలో ఉంది. పైత్యరసం లీకవడం ఈ ఆపరేషన్‌లో అరుదుగానైనా వచ్చే ఇబ్బందే, ఎంత జాగ్రత్తగా చేసే సర్జన్‌కైనా ఎదురుకావచ్చు. లీకైంది కాబట్టి నిర్లక్ష్యమేనంటే ఏ వినియోగదారుల కమిషనూ ఒప్పుకోదు. లీకైనట్టు కళ్లముందు కనబడుతున్నా ఎవరూ కదలకపోవడం మాత్రం వేరే సంగతి. మీ ఫిర్యాదు మొత్తం దాని మీదే నడవాలి.

కీహోల్ ఆపరేషన్‌లో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. మిగిలిన గ్యాస్ వల్ల ఒకటి రెండు రోజులు భుజం నొప్పి రావడం నిజంగానే మామూలు. కాబట్టి సిస్టర్ చెప్పిన మాట ఉత్త అబద్ధమని ఆస్పత్రికి పంపే నోటీసులో రాయకండి, అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. కానీ పొట్టలో పైత్యరసం చేరినా భుజం అలాగే పీకుతుంది. రెంటికీ తేడా చెప్పడానికే కదా డ్రెయిన్ ఉన్నది! అందులోకి కాస్త ఎర్రటి నీరు రావడం వేరు, పచ్చటి రసం రావడం వేరు. ఆపరేషన్ అయిన పేషెంటుకు నాడి, బీపీ, జ్వరం ఎప్పటికప్పుడు చూడాలి. డ్రెయిన్‌లో ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చింది చార్టులో రాయాలి. తేడా కనబడితే డ్యూటీ డాక్టర్‌ను పిలవాలి. పిలిచిన టైము కూడా రాయాలి. నర్సింగ్ అంటే ఇదే. రంగు మారిందని పేషెంటు పక్కనున్న మీరే రెండుసార్లు చెప్పాక నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి ఊరుకోవడం దానికి సరిపోదు.

అందుకే ఇవాళే చేయాల్సిన పని కేస్ షీట్ తెచ్చుకోవడం. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటీ చాలదు. నర్సుల నోట్స్, డ్రెయిన్ చార్టు, ఏ మందు ఎప్పుడిచ్చారో రాసిన షీటు, ఆపరేషన్ నోట్స్, ఆ రాత్రి ఎవరెవరు పనిలో ఉన్నారో చూపే డ్యూటీ రోస్టర్, అన్నీ పేరుపేరునా రాసి అమ్మగారి సంతకంతో అడగండి. రసీదు లేకుండా కాగితం ఇవ్వొద్దు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో పేషెంటుకు రికార్డులు ఇవ్వాలి. రోస్టర్ ఆ లెక్కలోకి రాదంటారేమో, అడగడం మాత్రం మానొద్దు, తర్వాత కమిషన్ ద్వారా తెప్పించుకోవచ్చు. ఎంతకీ ఇవ్వకపోతే కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లాలో ఉండే ఫిర్యాదుల అథారిటీకి రాయండి.

చార్టు చేతికొచ్చాక డ్రెయిన్ కాలమ్ ఉన్న పేజీ ముందు తీయండి. రాత్రి పదకొండుకు, రెండుకు, తెల్లవారి ఆరుకు ఒకే పెన్నుతో, ఒకే రాతతో ‘కంప్లయింట్స్ ఏమీ లేవు’ అని ఉందా? లేక ఆ గంటలు అసలు ఖాళీగా ఉన్నాయా? రెండూ మీకు పనికొచ్చేవే. బెంగళూరులో మనవాళ్లకు ఇంకో కష్టం కూడా ఉంది. అమ్మ తెలుగులో చెబుతుంది, కొడుకు హిందీలో చెబుతాడు, సిస్టర్ ఇంగ్లిష్‌లో రాస్తుంది. అమ్మ పడిన బాధ ఆ మూడో భాషకు చేరేసరికి ఒక్కోసారి ఏమీ మిగలదు. ఆ రాత్రి మీరు చెల్లెలికో, బావగారికో వాట్సాప్‌లో మెసేజ్ పెట్టుంటే, బ్యాగు ఫొటో తీసుంటే, అది టైముతో సహా దొరికే సాక్ష్యం. ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. ప్రింటవుట్లతో పాటు, ఫోన్‌లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా జతచేయాలి. అది మీ లాయరు తయారుచేస్తారు.

సంతకం గురించి బెంగపడొద్దు. మీరు ఒప్పుకున్నది ఆపరేషన్‌కు, దానిలో ఉండే రిస్కుకు. పట్టించుకోకపోయినా ఫర్వాలేదని ఎవరూ సంతకం పెట్టరు, అలా రాయించుకున్నా చెల్లదు. కాకపోతే డిశ్చార్జ్ కాగితాల్లో ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నాం’ అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. హడావుడిలో అలాంటి ఫారం మీద సంతకాలు పెట్టేసినవాళ్లను చూశాను.

ఇక ఎవరి మీద వేయాలన్నది. ఆస్పత్రి మీద వేయండి. సిబ్బంది తప్పుకు ఆస్పత్రే బాధ్యత వహించాలని, ఫలానా డాక్టర్నో నర్సునో కేసులో చేర్చలేదని ఫిర్యాదు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2004లో సవితా గార్గ్ కేసులో చెప్పింది. నర్సు తప్పుడు ఇంజెక్షన్‌తో పసివాడి బతుకు చితికిపోయిన స్ప్రింగ్ మెడోస్ కేసులో (1998) కూడా నష్టపరిహారం ఆస్పత్రే కట్టాలని తేలింది. నన్నడిగితే ఆ సిస్టర్‌ను కేసులోకి లాగొద్దు. ఆ రాత్రి ఆమె ఒక్కతే ఎన్ని బెడ్లు చూసుకుందో రోస్టర్ వస్తే తెలుస్తుంది. మనుషుల్ని తగ్గించి వార్డు నడిపితే ఆ పాపం యాజమాన్యానిది. పోలీసు కేసు ఆలోచన కూడా పక్కనపెట్టండి. జాకబ్ మాథ్యూ తీర్పు (2005) తర్వాత వైద్యంలో క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం చూపించాలి.

ఇన్సూరెన్స్ కట్టింది కాబట్టి మీరు వినియోగదారులు కారని అంటే నమ్మొద్దు. 1995లో వి.పి. శాంత తీర్పులోనే ఆ సందేహం తీరిపోయింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. అమ్మగారి పేరున అనంతపురం జిల్లా కమిషన్‌లో వేయండి. వాయిదాలకు ఆమె బెంగళూరు తిరగక్కర్లేదు, తన మాట తెలుగులో చెప్పుకోవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపుంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మీకు టైముంది, కానీ అంతవరకూ ఆగొద్దు. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉన్నా ఏడాది, అంతకు మించి పట్టొచ్చని మనసులో పెట్టుకోండి. లాయరుకు ఇవ్వలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో మన హైదరాబాద్ నుంచే వెళ్లిన కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా స్టెంట్ వేసిన డాక్టర్‌ను మర్యాదగా ఒక్కటి అడగండి: లీకు ఎప్పటినుంచి ఉండి ఉంటుందో రిపోర్టులో రాస్తారా అని. ఆ ఒక్క లైను చాలా పనిచేస్తుంది.

అడగడానికి వెళ్లినప్పుడే స్టెంట్ తీయించే తేదీ కూడా కనుక్కోండి. రెండు నెలలైందన్నారు. అది లోపలే మరిచిపోతే మూసుకుపోయి మళ్లీ జ్వరం, కామెర్లు రావొచ్చు. తీయించాక ఆ బిల్లు కూడా నష్టపరిహారం లెక్కలో కలపండి.