కాలర్ మైకును రికార్డర్‌కు కలపడానికి ఫాంటమ్ పవర్ అడాప్టర్ ఏది కొనాలి?

మీ రికార్డర్‌లో రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లతో (మూడు పిన్నుల పెద్ద మైక్ సాకెట్లతో) పాటు చిన్న మైక్ జాక్ కూడా ఉందని రాశారు. మాట్లాడేది ఒక్కరే అయితే అడాప్టర్ జోలికి పోనవసరం లేదు. కాలర్ మైకు పిన్నును ఆ చిన్న జాక్‌లోనే పెట్టి, మెనూలో ప్లగ్ ఇన్ పవర్ ఆన్ చేయండి. జూమ్ కంపెనీ హెచ్1ఎన్, హెచ్5 వంటి రికార్డర్లు ఆ జాక్ నుంచి 2.5 వోల్ట్‌లు ఇస్తాయి. కాలర్ మైకుకు కావలసింది అంతే. చాలామంది ఆ మెనూ తెరిచి చూడకుండానే మైకు పాడైందని తేల్చేస్తారు.

ఇద్దరి గొంతులు విడివిడిగా కావాలంటే మాత్రం ఎక్స్‌ఎల్‌ఆర్ దారి పట్టాల్సిందే. అక్కడే అంగళ్లవాళ్లు మనతో ఆడుకుంటారు. ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి మైకుకు వచ్చేది 48 వోల్ట్‌లు, ఫాంటమ్ పవర్ అంటే ఇదే. 1966లో జర్మనీకి చెందిన నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో కోసం మైకులు తయారుచేస్తే, అక్కడి స్టూడియోలో అత్యవసర దీపాలకు ఉన్న 48 వోల్ట్‌ల కరెంటునే వాటికీ వాడుకున్నారు. అదే లోకమంతా ప్రమాణమై కూర్చుంది. వేలిగోరంత కాలర్ మైకుకు అంత అక్కర్లేదు, తట్టుకోనూ లేదు. కాబట్టి మధ్యలో పెట్టే ముక్క పిన్ను ఆకారాన్ని మారిస్తే చాలదు, వోల్టేజీని దించాలి. రోడ్ కంపెనీ వీఎక్స్‌ఎల్‌ఆర్ ప్లస్ ఆ పని చేస్తుంది, 3 నుంచి 5 వోల్ట్‌లకు తెస్తుంది. పేరు చివర ప్లస్ లేని పాతది దించదు. కొనేటప్పుడు ఆ ఒక్క గుర్తూ చూసుకోండి.

అనంతపురం క్లాక్ టవర్ వైపు ఒక అంగట్లో మా తమ్ముడి వరస కుర్రాడు ఒక అడాప్టర్ కొనుక్కొచ్చాడు. 'ఏ మైకుకైనా పనిచేస్తుంది సార్' అన్నారట. నాకు ఆ మాట వింటేనే అనుమానం. దాన్ని రికార్డర్‌కు పెట్టి, ఫాంటమ్ ఆన్ చేసి, మల్టీమీటర్ ముళ్లు పెట్టి చూస్తే దాదాపు నలభై ఎనిమిదీ ఉన్నది ఉన్నట్టు కనిపించాయి. లోపల రెండు తీగలు తప్ప ఏమీ లేవు. వెనక్కి ఇవ్వబోతే బిల్లు ఏదీ అన్నారు. ఇచ్చి ఉంటే కదా!

కల్యాణదుర్గం వైపు ఒక పల్లెలో విసుర్రాయి పాటలు పాడే అవ్వ ఉందంటే ఆ కుర్రాడూ నేనూ వెళ్లాం. అవ్వ పాడుతుంది, కోడలు అందుకుంటుంది. ఇద్దరికీ చెరొక కాలర్ మైకు, వోల్టేజీ దించే అడాప్టర్లు రెండు. మైకు తగిలించబోతే అవ్వ వెనక్కి జరిగి, 'ఇదేమిటి నాయనా, తేలుపిల్లలా ఉంది' అంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే కోడలి గొంతు కన్నా ముందు ఆమె నల్లపూసలే వినిపించాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొలుసు వచ్చి మైకుకు తగులుతోంది. గొలుసును రవిక లోపలికి వేసుకోమని చెప్పి, మైకును పైట మడతకు తగిలించి, దాని కింద తీగను ఒక చుట్టు తిప్పి ప్లాస్టర్‌తో అతికించాం. తీగ లాగినా ఆ చప్పుడు మైకు దాకా ఎక్కదు. 48 వోల్ట్‌లూ 5 వోల్ట్‌లూ తేల్చుకున్నాక కూడా అసలు పని ఇదే. దీని గురించి ఎవరూ ప్రశ్న అడగరు.

రాయి చప్పుడు ఎక్కువగా ఉందని, ఊరికే కూర్చుని పాడమన్నాను. అవ్వకు నవ్వొచ్చింది. 'రాయి తిరగకపోతే పాట ఎలా వస్తుంది నాయనా?' నిజంగానే రెండు చరణాల తర్వాత పాట ఆగిపోయింది. చేతికి పిడి అందాక మళ్లీ అదే వరుసలో సాగింది. ఖాళీ రాయి గీరుకుంటుంటే కోడలే లేచి దోసెడు రాగులు పోసింది. గరగర తగ్గి గొంతు పైకి తేలింది. ఏ ఫిల్టరూ అంత పని చేయలేదు. కోడలిది పెద్ద గొంతు, ఆమె ట్రాక్‌కు గెయిన్ (మైకు శబ్దాన్ని రికార్డర్ పెంచే మోతాదు) బాగా తగ్గించాను. రెండు ఎక్స్‌ఎల్‌ఆర్‌లు ఉన్నందుకు దక్కిన లాభం అదే. ఒకే జాక్‌లో ఇద్దరినీ కలిపి ఉంటే అవ్వ గొంతు మునిగిపోయేది.

ఇప్పుడు అందరికీ వైర్‌లెస్ పిచ్చి. మూడడుగుల దూరంలో కదలకుండా కూర్చున్న మనిషికి వైర్‌లెస్ ఎందుకో నాకు అర్థం కాదు. ఛార్జింగ్ ఒకటి చూసుకోవాలి, సిగ్నల్ ఇంకొకటి. హెడ్‌ఫోన్ మాత్రం ఎవరూ పెట్టుకోరు. ఆషాఢంలో మా అనంతపురం గాలికి ఆరుబయట కూర్చోబెట్టి, మైకుకు స్పాంజి తొడుగు కూడా వేయకుండా గంటసేపు ఇంటర్వ్యూ తీసి, ఇంటికి వెళ్లాక సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయమంటారు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టారా?

మీ విషయానికి వస్తే, ముందు గెయిన్ తగ్గించి, తీగలన్నీ కలిపి, ఆ తర్వాత ఫాంటమ్ ఆన్ చేయండి. తీసేటప్పుడు ముందు ఫాంటమ్ ఆపండి. ఫాంటమ్ ఆన్‌లో ఉంటే రికార్డర్ బ్యాటరీలు తొందరగా అయిపోతాయి, అదనంగా ఒక జత ఉంచుకోండి. మీ మైకు ఫోన్లకు పెట్టే రకమైతే పిన్ను మీద రెండు కాక మూడు నల్ల గీతలుంటాయి. అప్పుడు అడాప్టర్‌కు ముందు, మూడు గీతల పిన్నును రెండు గీతలకు మార్చే రోడ్ ఎస్‌సీ3 లాంటి చిన్న ముక్క ఇంకొకటి కావాలి. మీ మైకు బోయా కంపెనీ బీవై-ఎం1 అయితే లోపల ఎల్‌ఆర్44 బ్యాటరీ పడుతుంది, స్విచ్ కెమెరా వైపు పెడితే దానితోనే నడుస్తుంది. పని అయ్యాక స్విచ్ ఫోను వైపు తిప్పండి, లేకపోతే మరుసటిసారికి బ్యాటరీ ఉండదు.