నైరూప్య ఫోటోగ్రఫీ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నీటి అలలు, పెచ్చులూడిన గోడలు, కెమెరా కదిపి తీసిన చెట్ల చారలు... నా దగ్గర ఇలాంటివి వందల్లో ఉన్నాయి. గ్యాలరీలు మాత్రం తిప్పి పంపుతున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: ఎక్కువగా ఎంపికలోనే ఉంటుంది. అల పక్కన గోడ, గోడ పక్కన చెట్టు పెడితే మీరు దేని వెంట పడుతున్నారో చూసేవాళ్లకు అర్థం కాదు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922లో మబ్బులు పట్టుకుని పదేళ్లకు పైగా వాటిని వదల్లేదు. మీరూ ఒకటే పట్టుకోండి. 15 నుంచి 20 ఫోటోల సిరీస్ తయారయ్యాకే గ్యాలరీ తలుపు తట్టండి.

చెట్ల చారలే తీసుకుందాం. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్11 (లెన్సు రంధ్రం సైజు), షట్టర్ పావు సెకను నుంచి అర సెకను. పట్టపగలు ఇలా తీస్తే ఫోటో తెల్లగా పాలిపోతుంది కాబట్టి ఎండలో 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే గాజు; ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) పెట్టాలి, నీడలో 3 స్టాపులది చాలు. కెమెరా వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆపేయండి, లేకపోతే మీరు కదిపిన కదలికను అది సరిదిద్దబోతుంది. బటన్ నొక్కకముందే కెమెరా కదులుతూ ఉండాలి, షట్టర్ మూసుకున్నాకే ఆగాలి. మధ్యలో ఆగితే చార చివర ముద్దగా మచ్చ పడుతుంది. షట్టర్ వేగం, కదిపిన దిశ రాసి పెట్టుకోండి. అనుకోకుండా బాగా వచ్చిన ఫోటోకు తోడుగా మిగతావి తీయాలంటే ఆ రాతలే ఆధారం.

ప్రశ్న: స్క్రీన్ మీద నున్నగా కనిపించే రంగు ప్రింటులో గీతలు గీతలుగా, చీకటిగా వస్తోంది. ఎందుకు?

జవాబు: అవి రెండు వేర్వేరు లోపాలు. గీతలకు కారణం చాలావరకు 8 బిట్ ఫైలు. అందులో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. మొహమో చెట్టో ఉన్న ఫోటోలో అది తెలియదు గానీ, ఒకే రంగు మెల్లగా మారే ఫోటోలో దాక్కోవడానికి చోటుండదు. రా (కెమెరా కుదించని ముడి ఫైలు)లో తీసి, చివరిదాకా ఒక్కో రంగుకు ఎక్కువ మెట్లుండే 16 బిట్ టిఫ్ ఫైలులోనే ఎడిట్ చేయండి. చీకటికి కారణం సాధారణంగా మానిటర్ వెలుగు ఎక్కువై, ఫోటో ఉన్నదానికన్నా ప్రకాశంగా కనిపించడం. మానిటర్‌ను క్యాలిబ్రేట్ చేసి (రంగు, వెలుగు సరిచేసి) చదరపు మీటరుకు 80-120 క్యాండెలాలకు దించండి, మీరు ప్రింటు వేసే కాగితం ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు)తో సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎలా ఉంటుందో స్క్రీన్ మీదే చూడండి. పూర్తి సైజు వేసేముందు అన్నిటికన్నా కష్టమైన భాగాన్ని సన్నటి పట్టీగా వేయించి చూసుకోవడం మాత్రం మానకండి.

6000×4000 పిక్సెళ్ల ఫైలు 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు)లో 20×13 అంగుళాలకు సరిపోతుంది. మసక చారల్ని 180 పీపీఐకి దించి ఇంకా పెద్దవి చేయొచ్చు. గోడ గరుకుతనం అలా నిలవదు.

ప్రశ్న: ఎన్ని కాపీలు వేయాలి? ధర ఎలా పెట్టాలి?

జవాబు: మొదటి ప్రింటు అమ్మకముందే తేల్చుకోండి. మొదలుపెట్టేవారికి 5 కాపీలు, 2 ఆర్టిస్ట్ ప్రూఫులు (ఆ లెక్కకు బయట మీ దగ్గర ఉంచుకునే కాపీలు) బాగుంటాయి. ఆ లెక్క అన్ని సైజులకూ కలిపా, సైజుకు విడిగానా అన్నది ప్రింటుతో ఇచ్చే సర్టిఫికెట్‌లో రాయండి. గ్యాలరీ వాటా తరచూ సగం దాకా ఉంటుంది. ప్రింటు, ఫ్రేము ఖర్చు మీ సగంలోంచే రావాలి. మీ దగ్గర కొన్నా గ్యాలరీలో కొన్నా ధర ఒకటే ఉండాలి, లేదంటే గ్యాలరీ మళ్లీ పిలవదు.